కిరాణా షాపులు, సూపర్‌మార్కెట్ల నుంచి సరుకు రూపంలో విరాళం అడగడం ఎలా? విజయవాడ, గుంటూరు సేవా సంస్థలు తరచుగా అడిగే ప్రశ్నలు

పాయకాపురం దగ్గర మా ట్రస్టు ఒక వృద్ధాశ్రమం నడుపుతోంది. ప్రస్తుతం 34 మంది ఉన్నారు. వాళ్ల వంటగదికి వచ్చే సరుకులో సగానికి పైగా షాపుల వాళ్లు ఇచ్చిందే. కొత్తగా ఆశ్రమాలు, హాస్టళ్లు పెట్టినవాళ్లు నాకు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను.

డబ్బే అడగొచ్చు కదా, సరుకు ఎందుకు?

రెండూ అడగాలి. కానీ వ్యాపారికి గల్లాలోంచి నోట్లు తీయడం కంటే గోడౌన్‌లోంచి బస్తా ఇవ్వడం తేలిక. ఆ బస్తా ఆయనకు హోల్‌సేల్ ధరకు పడింది, మనకు రిటైల్ ధర మిగులుతుంది. పైగా కొత్తలో మన గురించి ఎవరికీ తెలియదు. డబ్బు ఏమవుతుందోనని అనుమానించేవాళ్లు కూడా పప్పు విషయంలో అనుమానించరు. పప్పు పోయేది వంటగదికే అని వాళ్లకు తెలుసు.

మాకు వచ్చిన మొట్టమొదటి విరాళం ఉప్పు. సత్యనారాయణపురంలో ఒక చిన్న కొట్టు ఆయన, "డబ్బులంటే ఆలోచించుకోవాలమ్మా, ఉప్పయితే ఏడాదంతా నాది" అన్నారు. ఆరేళ్లయింది. ఇంతవరకు మేం ఉప్పు కొనలేదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? పెద్ద సూపర్‌మార్కెట్లకేనా?

చాలామంది ముందు డీమార్ట్, రిలయన్స్ లాంటి పెద్ద షాపులకు వెళ్లి, అక్కడ పని కాక నిరాశపడి మానేస్తారు. నా సలహా, హోల్‌సేల్ బజారుతో మొదలుపెట్టండి. విజయవాడ వాళ్లకు గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సు ఉంది, గుంటూరు వాళ్లకు పట్నంబజారు ఉంది. అక్కడ యజమాని ఎదురుగానే కూర్చుని ఉంటారు. అవును, కాదు అని అప్పటికప్పుడు చెప్పగలిగేది ఆయనే. పాత వ్యాపార కుటుంబాల్లో ధర్మానికని కొంత పక్కన పెట్టే అలవాటు ఇంకా ఉంది. అది ఎక్కడికి వెళ్లాలో చెప్పేవాళ్లు కావాలి, అంతే.

హోల్‌సేల్‌లో ఇంకో సౌకర్యం ఉంది. గొల్లపూడిలో ఒక గోడౌన్‌లో నేను కళ్లారా చూశాను. లారీ నుంచి దించుతుంటే ముఠా కార్మికుడి కొక్కెం తగిలి మినపగుళ్ల బస్తా చిరిగింది. రెండు మూడు కిలోలు నేల మీద పడ్డాయి. గుమాస్తా వచ్చి దబ్బనంతో, పురికొసతో బస్తాను కుట్టేసి ఒక మూలకు నెట్టాడు. లోపల పప్పు బంగారంలా ఉంది, కానీ తూకం తగ్గింది కాబట్టి అది ఇక నిండు బస్తాగా అమ్ముడుపోదు. విడిగా అమ్ముకోవడానికి ఆయనకు తీరిక ఉండదు. ఆ మూలకు చేరిన బస్తాలు మా ఆశ్రమానికి ఇవ్వండని అడిగాను. ఇప్పుడు నెలకో రెండు నెలలకో ఒకసారి గుమాస్తానే ఫోన్ చేస్తాడు.

వీధి చివరి కిరాణా కొట్లను చిన్నచూపు చూడకండి. వాళ్ల దగ్గర ఎక్కువ అడగకూడదు. ఒక్కో కొట్టుకు ఒక్కో వస్తువు అప్పగించండి. ఒకరిది ఉప్పు, ఒకరిది చింతపండు, ఒకరిది సబ్బులు. నెలకు రెండు మూడు వందల రూపాయల సరుకు వాళ్లకు బరువు కాదు. "ఆ ఆశ్రమానికి చింతపండు మాదే" అనుకోవడంలో వాళ్లకొక తృప్తి ఉంటుంది.

ఇక పెద్ద షాపులు. స్టోర్ మేనేజరుకు స్టాకు ఉచితంగా ఇచ్చే అధికారం సాధారణంగా ఉండదు. ప్రతి ప్యాకెట్టూ కంప్యూటర్‌లో ఉంటుంది, లెక్క తప్పితే ఆయన జీతం మీదకు వస్తుంది. ఆయన్ని స్టాకు అడిగి ఇబ్బంది పెట్టొద్దు. రెండు విషయాలు అడగండి. మొదటిది, ఈ విషయం పై ఆఫీసులో ఎవరు చూస్తారు, ఏ మెయిల్‌కు రాయాలి అని. రెండోది, చోటు. బిల్లింగ్ కౌంటర్ పక్కన ఒక బుట్ట పెట్టుకోవడానికి చోటు. వచ్చినవాళ్లు తమ సరుకుతో పాటు ఒక కిలో పప్పో, ఒక సబ్బో అదనంగా కొని ఆ బుట్టలో వేస్తారు. షాపుకు అమ్మకం జరుగుతుంది, పన్ను చిక్కు లేదు, మనకు సరుకు వస్తుంది. బుట్ట మీద "ఈ నెల మాకు కావలసినవి: కందిపప్పు, వేరుశెనగ నూనె, ఒంటి సబ్బులు" అని రాయడం మరచిపోకండి. ఏమీ రాయకపోతే బుట్ట నిండా నూడుల్స్ వస్తాయి. పళ్లు లేని పెద్దవాళ్లకు అవి బాగానే ఉంటాయి గానీ రోజూ పెట్టలేం కదా.

షాపుల వాళ్లు ఎందుకు వెనకాడతారు?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా పని సులువవుతుంది. వాళ్లకు మనసు లేక కాదు. భయం ఉంది.

అన్నిటికంటే పెద్దది, ఇచ్చిన సరుకు మళ్లీ బజారుకు వస్తుందనే భయం. అది ఊరికే వచ్చిన అనుమానం కాదు. మాకే జరిగింది. ఒక షాపు ఇచ్చిన బిస్కెట్ల పెట్టెను అప్పట్లో మా దగ్గర పనిచేసిన కుర్రాడు పక్క వీధి బడ్డీకొట్టుకు అమ్మేశాడు. ఆ షాపు సేల్స్‌మన్ కంట అది పడింది. యజమాని మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఫోన్ ఎత్తడం మానేశారు, అంతే. రెండేళ్లు ఆ గుమ్మం ఎక్కలేకపోయాం. అప్పటి నుంచి సరుకు రాగానే, దించినవాళ్ల ముందే, ప్రతి ప్యాకెట్ మీద పర్మనెంట్ మార్కర్‌తో "అమ్మకానికి కాదు" అని అడ్డంగా రాస్తున్నాం. ఈ సంగతి ఉత్తరంలో కూడా చెబుతాం. మీరూ మొదటి రోజు నుంచే చేయండి.

తిన్నవాళ్లకు ఏమైనా అయితే తమ పేరు పేపర్లో వస్తుందనేది ఇంకో భయం. మన స్టాకు రిజిస్టరు, శుభ్రమైన స్టోర్ రూమ్ చూపిస్తే అది చాలావరకు తగ్గుతుంది. ఒకసారి వచ్చి చూడమని పిలవండి. వచ్చినవాళ్లకు టీ ఇచ్చి నేరుగా వంటగదిలోకి తీసుకెళ్లండి.

మూడోది మనకు బయటికి కనిపించదు. చాలా కంపెనీలు డేటు అయిపోయిన, దెబ్బతిన్న సరుకును డిస్ట్రిబ్యూటర్ ద్వారా వెనక్కి తీసుకుని షాపుకు క్రెడిట్ నోట్ ఇస్తాయి, అంటే ఆ విలువను తర్వాతి బిల్లులో తగ్గిస్తాయి. అంటే మన కంటికి వృథాగా కనిపించే డబ్బా షాపు లెక్కలో ఇంకా డబ్బే. అది మనకు ఇస్తే ఆ క్రెడిట్ పోతుంది. అందుకే "పాడైపోయేవి ఇవ్వండి" అని అడగకండి. "రిటర్న్ లేని ఐటమ్స్ ఏమైనా ఉంటాయా అండి?" అని అడగండి. ఈ మాట వినగానే అవతలి మనిషి ముఖం మారుతుంది. వ్యాపారం తెలిసినవాళ్లే వచ్చారు అనుకుంటారు.

మా దగ్గర ఏ కాగితాలు ఉండాలి?

ట్రస్టు డీడ్ లేదా ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద వచ్చిన సర్టిఫికెట్, సంస్థ పేరున పాన్ కార్డు, బ్యాంకు ఖాతా. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) ఉంటే మంచిది. స్వచ్ఛంద సంస్థల వివరాలు ఉండే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదుకు ఖర్చేమీ లేదు, చేసుకోండి. వీటి జిరాక్సులు ఒక ఫైల్లో పెట్టుకుని చేతిలో ఉంచుకోండి. కిరాణా కొట్టు ఆయన ఆ ఫైలు తెరవను కూడా తెరవరు. పెద్ద షాపులు మాత్రం అది లేకుండా మాట్లాడవు.

ఉత్తరం ఎలా రాయాలి?

ఒక్క పేజీ చాలు. మన సేవల చరిత్ర అంతా అక్కర్లేదు. ఎంతమంది, ఏ వస్తువు, ఎంత, ఎన్నాళ్లు. ఈ నాలుగూ ఉండాలి. "మీకు తోచినంత ఇవ్వండి" అంటే వాళ్లకు ఏమీ తోచదు. మేం ఇచ్చే ఉత్తరం ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన షావుకారు గారికి నమస్కారం. పాయకాపురం దగ్గర మా వృద్ధాశ్రమంలో 34 మంది ఉంటున్నారు. మనిషికి రోజుకు 40 గ్రాముల చొప్పున నెలకు సుమారు 41 కిలోల కందిపప్పు వాడుతున్నాం. అందులో 10 కిలోలు ఈ ఆరు నెలల పాటు మీ షాపు నుంచి ఇప్పించగలరేమోనని అడుగుతున్నాం. సరుకు మేమే వచ్చి తీసుకెళ్తాం. ముట్టినట్టు రసీదు అదే రోజు ఇస్తాం. ప్యాకెట్ల మీద అమ్మకానికి కాదు అని మీ ఎదుటే రాస్తాం. మీరు చెప్పకుండా వచ్చినా సరే, మా వంటగది, స్టాకు రిజిస్టరు చూడవచ్చు."

41 కిలోలు వాడుతూ 10 కిలోలే అడగడం చూశారు కదా. మొత్తం ఒక్కరినే అడిగితే ఒక నెల ఇచ్చి ఆపేస్తారు. నలుగురిని పదేసి కిలోలు అడిగితే ఒకరు మానుకున్నా పిల్లో, పెద్దో పస్తు ఉండరు. బియ్యానికి కూడా ఇదే లెక్క. మనిషికి రోజుకు 350 గ్రాములు వేసుకుంటే మాకు నెలకు 26 కిలోల బస్తాలు 14 పడతాయి. ఏ ఒక్కరినీ రెండు బస్తాలకు మించి అడగం.

ఎప్పుడు వెళ్లాలి?

నెల మొదటి పది రోజులు వద్దు. జీతాలు పడి షాపులు కిటకిటలాడుతుంటాయి. శని, ఆదివారాల సాయంత్రాలు అసలే వద్దు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం మూడు గంటలప్పుడు వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడతారు. దసరా, సంక్రాంతి ముందు వారం వాళ్లకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. పండగ వెళ్లిన వారం మాత్రం మంచి సమయం. గిఫ్ట్ ప్యాక్‌లు, అదనంగా తెప్పించిన బెల్లం, నెయ్యి మిగిలి ఉంటాయి. మార్చి 31కి స్టాకు లెక్క చూసుకుంటారు, కదలని సరుకు అప్పుడు బయటపడుతుంది. మార్చి రెండో వారంలో ఒకసారి కనిపించి రండి.

సరుకు ఇచ్చినవాళ్లకు 80జీ కింద పన్ను మినహాయింపు వస్తుందా?

రాదు. ఈ విషయంలో చాలా సంస్థలు తెలియక తప్పు చెబుతున్నాయి. 80జీ మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే. అందులోనూ నగదు అయితే 2,000 రూపాయలు దాటితే వర్తించదు. సరుకుకు మినహాయింపు లేదు. బస్తా బియ్యం తీసుకుని డబ్బు ముట్టినట్టు 80జీ రసీదు రాయమని ఎవరైనా అడిగితే మర్యాదగా కాదనండి. అలా రాసినందుకు రేపు నోటీసు వస్తే ఆ మనిషికీ, మన రిజిస్ట్రేషన్‌కూ ముప్పే. మినహాయింపు కావాలనుకునే దాత చెక్కు ఇస్తారు. ఆ డబ్బుతో మనం సరుకు కొని బిల్లు మన పేరున పెట్టుకుంటాం.

సరుకుకు విడిగా ఒక రసీదు పుస్తకం వేయించుకోండి. వస్తువు, పరిమాణం, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తెచ్చినవారి సంతకం. విలువ కాలమ్‌లో మనం ఏమీ రాయం. దాత చెబితేనే రాస్తాం.

జీఎస్టీ సంగతేంటి?

షాపు ఆ సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుని ఉంటుంది, అంటే తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుని ఉంటుంది. ఉచితంగా ఇచ్చేస్తే ఆ క్రెడిట్ వదులుకోవాలి. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)లో ఇది ఉంది. అంటే ఇవ్వడానికి వాళ్లకు సరుకు ఖరీదుతో పాటు ఆ పన్ను కూడా పడుతుంది. విడిగా అమ్మే బియ్యం, పప్పులకు పన్నే లేదు కాబట్టి ఆ బాధ లేదు. సబ్బులు, టూత్‌పేస్టు, తలనూనె, షాంపూల మీద ఇదివరకు 18 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమైంది. వెయ్యి రూపాయల సబ్బులు ఇచ్చే షాపుకు ఇదివరకు 180 రూపాయల క్రెడిట్ పోయేది, ఇప్పుడు 50 పోతుంది. ఇంతకుముందు సబ్బులకు కాదన్నవాళ్లను మళ్లీ అడిగి చూడండి. శానిటరీ నాప్‌కిన్లకు 2018 నుంచి జీఎస్టీ లేదు. బాలికల హాస్టళ్లు నడిపేవాళ్లు మొహమాటపడకుండా వీటిని జాబితాలో రాయండి. అడగనిదే ఎవరికీ గుర్తు రాని వస్తువు అది.

పెద్ద కంపెనీలు సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద సరుకు ఇవ్వొచ్చు కదా?

ఇవ్వొచ్చు, కానీ దాని విలువను సీఎస్‌ఆర్ ఖర్చుగా చూపించుకోలేరు. వస్తు రూపంలో ఇచ్చినదానికి ధర కట్టి చూపకూడదని కంపెనీ వ్యవహారాల శాఖ 2021లో ఇచ్చిన వివరణలో స్పష్టంగా ఉంది. కాబట్టి స్టోర్‌ను సరుకు అడగండి, హెడ్ ఆఫీసును సీఎస్‌ఆర్ నిధి అడగండి. రెండూ ఒకే ఉత్తరంలో కలపొద్దు. నిధి కావాలంటే మీ సంస్థకు ఆ శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు ఉండాలి.

డేటు దగ్గరపడ్డ సరుకు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, మనం వాడేలోపు గడువు ఉంటే. ప్యాకెట్ మీద "ఎక్స్‌పైరీ" లేదా "యూజ్ బై" అని ఉన్న తేదీ దాటితే అది తినడానికి పనికిరాదు, పంచడానికీ వీల్లేదు. దాత ఎంత పెద్దవారైనా సరే. "బెస్ట్ బిఫోర్" వేరు. అది రుచి, నాణ్యత బాగా ఉండే కాలం చెబుతుంది. అయినా మా దగ్గర ఉన్నది ముసలివాళ్లు కాబట్టి ఆ తేదీ దాటినవీ మేం తీసుకోం.

ఒక రాత్రి తొమ్మిదింటికి ఒక స్టోర్ వెనక గుమ్మం దగ్గర మూడు క్రేట్లు ఇచ్చారు. పైన ఉన్న ప్యాకెట్లకు నెల రోజుల గడువుంది. ఫోన్ లైటు వేసి అడుగువి చూస్తే ముందు వారమే అయిపోయినవి. కావాలని చేసిందని నేను అనుకోను. తెల్లారి డంప్‌కు పోవాల్సిన క్రేటు ఇందులో కలిసిపోయింది. కానీ ఇంటికొచ్చాక చూసుకుందాం అనుకుంటే అవి వంటింట్లోకి వెళ్లిపోయేవి. అక్కడే, గుమ్మం దగ్గరే, ప్రతి క్రేటు అడుగు దాకా చూడండి. ఇచ్చేవాళ్లు ఏమీ అనుకోరు.

ఇంటికి సరుకు తెచ్చే ఆన్‌లైన్ కంపెనీలను కూడా దృష్టిలో పెట్టుకోండి. డెలివరీ నాటికి కనీసం 30 శాతం లేదా 45 రోజుల గడువు మిగిలి ఉండాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024లో వాళ్లకు చెప్పింది. నెల రోజుల గడువున్న శుభ్రమైన సరుకు వాళ్ల గోడౌన్లలో పక్కకు చేరే అవకాశం ఉంది. మన వంటగదికి నెల రోజులు చాలా ఎక్కువ.

ఏవి ఇచ్చినా తీసుకోకూడదు?

ఉబ్బిన డబ్బాలు, సీలు ఊడిన నూనె ప్యాకెట్లు, లేబుల్ లేనివి, బూజు వాసన ఉన్న పల్లీలు. గుంటూరు వైపు మిరపకాయలు ఇచ్చేవాళ్లు ఎక్కువ. రంగు పోయిన తాలు కాయలు కలిపి ఇస్తే వద్దని చెప్పండి. ఎర్రటి కాయ అరబస్తా చాలు మనకు.

పసిపిల్లల పాల పొడి, పాల సీసాలు, శిశు ఆహారం డబ్బాల విషయంలో చట్టమే ఉంది. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం అనాథాశ్రమాలకు తప్ప వీటిని ఎవరికీ ఉచితంగా ఇవ్వకూడదు, పంచకూడదు. బస్తీల్లో తల్లులకు పంచుదామని చాలా మంచి మనసుతోనే తీసుకుంటారు. తీసుకోకండి.

పెరుగు, పనీర్ లాంటివి 5 డిగ్రీల లోపు చల్లదనంలో ఉంచే ఏర్పాటు మీకు లేకపోతే వద్దనేయండి. మే నెల బెజవాడ ఎండలో ఆటోలో అరగంట ప్రయాణం చాలు, అవి పాడవడానికి.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలా?

మిగులు ఆహారం సేకరించి పంచే సంస్థల కోసం 2019లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం నమోదు ఉండాలి, ఎవరు ఇచ్చారో, ఎంత ఇచ్చారో, ఎవరికి పంచామో రికార్డు ఉండాలి. ఆ సంస్థ ఆన్‌లైన్ ఫోస్కోస్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ నంబరు ఉత్తరం పైన ఉంటే పెద్ద షాపుల్లో సగం ప్రశ్నలు తగ్గిపోతాయి.

వరదలప్పుడు ఏం అడగాలి?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు అడగకుండానే సరుకు వచ్చింది. అది మరచిపోలేం. కానీ అందరూ బ్రెడ్డు, బిస్కెట్లే తెచ్చారు. మా మేడ మీద బ్రెడ్డు పొట్లాలు గుట్టగా పడి మూడో రోజుకు బూజు పట్టాయి. కింద వీధిలో కొవ్వొత్తి లేదు, అగ్గిపెట్టె పొడిగా లేదు, దోమల చక్రం లేదు. ఒక పెద్దావిడకు పెద్దవాళ్ల డైపర్ కోసం మా కుర్రాళ్లు నడుం లోతు నీళ్లలో రెండు కిలోమీటర్లు వెళ్లారు. అందుకే ఇప్పుడు జూన్‌లోనే నాలుగు షాపులకు ఒక చిన్న జాబితా ఇచ్చి ఉంచుతున్నాం: మంచినీళ్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, దోమల చక్రాలు, నాప్‌కిన్లు, డైపర్లు, బ్లీచింగ్, అటుకులు. నీళ్లు వస్తే ఒక్క ఫోన్, జాబితా అప్పటికే వాళ్ల దగ్గర ఉంటుంది.

కాదన్నవాళ్లను మళ్లీ అడగొచ్చా?

ఆరు నెలలు ఆగి అడగొచ్చు. ఈలోపు ఆ షాపులో సరుకు కొనడం మానకండి.

ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే?

నెలాఖరుకు వాట్సాప్‌లో రెండు వాక్యాలు పంపండి. "మీరిచ్చిన పది కిలోల పప్పు ఈ నెల 22 దాకా వచ్చిందండి." ఇంత ఖచ్చితంగా చెబితే రిజిస్టరు రాస్తున్నామని అర్థమవుతుంది. ఫోటో పంపాలంటే స్టోర్ రూమ్ అలమారా ఫోటో పంపండి. కంచం పట్టుకున్న పెద్దవాళ్ల ముఖాలు వద్దు. వాళ్లలో కొందరి పిల్లలు ఇదే ఊళ్లో ఉంటారు, ఆ ఫోటో వాళ్ల ఫోన్లకు చేరితే ఆ తల్లి ఎంత కుంగిపోతుందో మేం చూశాం.

మాకు అవసరానికి మించి వస్తే?

దాతను అడిగి, ఇంకో ఆశ్రమానికి ఇవ్వండి. అడగకుండా మాత్రం ఇవ్వకండి, రిజిస్టరులో ఇద్దరి సంతకాలూ ఉండాలి. పోయిన సంక్రాంతికి మాకు 60 కిలోల బెల్లం వచ్చింది. ముసలివాళ్లలో సగం మంది షుగర్ పేషెంట్లు. అది ఇచ్చిన పట్నంబజారు షావుకారు గారికి ఫోన్ చేస్తే, "గుంటూరులో పిల్లల హాస్టలుకు ఇచ్చెయ్యమ్మా, వాళ్లకు పల్లీలు కూడా నేనే పంపుతాను" అన్నారు.